సాయంత్రం పూట ఏం పెడతారు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, హోటలు పెట్టి చూడు అని పెద్దలెవరూ అనలేదు. వారి రోజుల్లో హోటళ్ళు లేవు కాబట్టి అనలేదు కాబోలు. ఉండి ఉంటే మొదటి మాట అదే అయ్యేది. ఇల్లు కట్టేవాడికి ఇటుకల లెక్క తెలుస్తుంది. పెళ్ళి చేసేవాడికి ఎన్ని విస్తళ్ళు లేస్తాయో ఉజ్జాయింపుగానైనా తెలుస్తుంది. హోటలు పెట్టేవాడికి మాత్రం రేపు సాయంత్రం ఏడింటికి ఎవరొస్తారో, వచ్చినవారు ఏమడుగుతారో ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

నా మేనల్లుడు తెనాలిలో, మారీసుపేట వైపు, హోటలు పెడుతున్నాడు. 36 మంది కూర్చునే హాలు, వెనకాల వంటిల్లు, ముందు కాఫీ కౌంటరు. హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం మానుకుని మరీ వచ్చాడు. మా అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. మా వదినకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన 70 సెంట్ల మాగాణి ఒకటుంది. దానిమీదే బ్యాంకులో అప్పు తెచ్చారు. తనదని చెప్పుకోవడానికి ఆవిడకు ఆ చెక్క తప్ప మరేమీ లేదు. సంతకం పెట్టేటప్పుడు ఆవిడ కాగితం చదవలేదు, కొడుకు మొహం చూసింది. అంచేత ఈ హోటలు వ్యవహారంలో మాటలు ఎంత సరదాగా నడిచినా, లోపల నాకు దడదడగానే ఉంటుంది.

ఉదయం సంగతి ఎవరినీ అడగనక్కర్లేదు. ఇడ్లీ, గారె, దోశ, పూరీ, ఉప్మా పెసరట్టు. ఈ జాబితా మనవాళ్ళకు కంఠతా వచ్చు. బోర్డు వంక చూడకుండానే సర్వరుకు చెప్పేస్తారు. ఉడిపివారి కాఫీ హోటళ్ళ పుణ్యమా అని దక్షిణాదిన పొద్దుటి ఫలహారం ఏనాడో స్థిరపడిపోయింది. బెంగుళూరులో మావళ్ళి టిఫిన్ రూము 1924లో పుట్టింది, మద్రాసులో ఉడ్‌లాండ్సు 1938లో పుట్టింది. వారు నేర్పిన వరసకు మనం పెసరట్టు చేర్చుకున్నాం, అంతే. ఇంకేముంది, మారేవల్లా రేట్లే.

సాయంత్రం అలా కాదు. అసలు సాయంత్రం అన్నది ఒక పూట కాదు, రెండు పూటలు. నాలుగు మొదలు ఆరున్నర దాకా వచ్చేవారు నాలుక కోసం వస్తారు. ఏడు దాటాక వచ్చేవారు కడుపు కోసం వస్తారు. మొదటివారికి బజ్జీ కావాలి, రెండోవారికి రాత్రి భోజనం బదులు ఏదైనా కావాలి. ఈ తేడా మావాడికి తట్టలేదు. అచ్చు వేయించడానికి సిద్ధంగా ఒక జాబితా తెచ్చి నా చేతిలో పెట్టాడు. లెక్కపెట్టాను. 111 రకాలు.

"ఏమిట్రా ఇది, పెళ్ళి చదివింపుల పట్టీలా ఉంది?" అన్నాను.

"అన్నీ ఉండాలత్తయ్యా. లేదు అనే మాట హోటల్లో వినపడకూడదు" అన్నాడు.

బాగానే ఉంది. కాని జాబితాలో ఒక పేరు చేరిందంటే వంటింట్లో ఒక గిన్నె చేరినట్టు, రాత్రి పదింటికి ఆ గిన్నె అడుగున ఎంతో కొంత మిగిలినట్టు. ఆ మిగిలిందంతా వదిన పొలం గట్టు మీదనుంచి జారిపోయే మట్టే. ఆ మాట పైకి అనలేదు. "పదిహేను రోజులు ఆగు, ఊళ్ళో వాళ్ళను నేను కనుక్కుంటాను" అని మాత్రం అన్నాను. పాత జమాఖర్చు పుస్తకం ఒకటి తీసుకుని బయలుదేరాను. వైకుంఠపురం గుడి, కాలువగట్టు మీద నడకకు వచ్చే ముసలాళ్ళు, కొత్తపేటలో ట్యూషను పిల్లల కోసం కాచుకుని కూర్చునే తల్లులు, రైల్వే స్టేషను బయట బండ్ల దగ్గర నిలబడే కుర్రాళ్ళు, ఒకరని కాదు.

మీకేం కావాలి అని అడిగితే ఎవరూ నిజం చెప్పరని మొదటి రోజునే తెలిసిపోయింది. అబద్ధమాడాలని కాదు పాపం. తమకు కావలసింది కాక, తమకు మంచిది చెబుతారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిందో లేదో, అప్పటినుంచీ కొర్రలు, అరికలు, సామలు అనని పెద్దమనిషి లేడు. నడకకు వచ్చే ఒక రిటైరు ఇంజనీరుగారు కొర్రల ఉప్మా గురించి పావుగంట ఉపన్యాసమిచ్చారు. అంతా రాసుకుని, "నిన్న సాయంత్రం ఏం తిన్నారండీ?" అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, "రెండు ప్లేట్లు పునుగులు. మా ఇంట్లో చెప్పకండి" అన్నారు.

ఆ రోజునుంచి నేను అడిగే ప్రశ్న అదే. నిన్న రాత్రి ఏం తిన్నారు? దాంతో నిజం దానంతటదే రావడం మొదలెట్టింది.

నాలుగింటివారి సంగతి తేలిగ్గా తేలింది. మిరపకాయ బజ్జీ, పునుగులు, మైసూరు బజ్జీ, టీ. బజ్జీలో వాము, చింతపండు కూరకుండా ఉట్టి శనగపిండిలో ముంచి వేసేవాణ్ణి క్షమించరు. ఇవి ప్రతి వీధి మలుపులోనూ దొరికేవే గదా, మరి హోటలుకు ఎందుకు రావాలి? దీనికి చాలామంది ఆడవాళ్ళు ఒకటే జవాబు చెప్పారు. నూనె కనపడాలి. బజ్జీ వేసే మూకుడు వెనకాల గోడ చాటున కాకుండా మన కళ్ళెదుట ఉండాలి. నల్లగా చిక్కబడ్డ నూనె చూస్తే వెనక్కి తిరిగి పోతాం, తేటగా ఉంటే మరో ప్లేటు చెబుతాం అన్నారు. కాగి కాగి పాడైన నూనె మీద చట్టం కూడా ఉంది. పోలార్ పదార్థాలంటారు, అవి నూటికి 25 పాళ్ళు దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 జూలై 1 నుంచి నిబంధన. దాన్ని కొలిచే పరికరం కూడా దొరుకుతుంది. కాని మా ఊరి ఆడవాళ్ళ కంటికి ఆ పరికరం ఎందుకు? రోడ్డు అవతలనుంచే చెప్పేస్తారు. మావాడు జాబితా పక్కన పెట్టి, ముందు బజ్జీ పొయ్యిని వీధి వైపుకు జరిపించాడు. పొగగొట్టం కోసం మరో పన్నెండు వేలు వదిలింది.

ఏడింటివారే చిక్కు. రాత్రిపూట అన్నం మానేసినవారు ఊళ్ళో ఇంతమంది ఉన్నారని నేననుకోలేదు. చక్కెర జబ్బువాళ్ళు, వాళ్ళకు తోడుగా మానేసిన భార్యలు, ఊబకాయం భయంతో మానేసిన కుర్రాళ్ళు. వీళ్ళందరూ నిన్న రాత్రి తిన్నది ఒకటే, జొన్న రొట్టె. ఇంట్లో చేసుకున్నారా అంటే, లేదు. జొన్నపిండికి గోధుమపిండికున్న జిగురు లేదు. వేడినీళ్ళతో కలిపి, మర్దించి, చేత్తో కొట్టి పలచన చేయాలి. అలవాటు లేని చేతిలో అంచులు పగిలిపోతాయి. కర్రతో వత్తుదామంటే పీటకు అంటుకుపోతుంది. అంచేత అందరూ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే ఆడవాళ్ళ దగ్గర కొనుక్కుపోతున్నారు.

మా హోటలుకు నాలుగడుగుల దూరంలోనే అలాంటి బండి ఒకటుంది. నలభై ఏళ్ళ మనిషి. భర్త లేడు. ఒక కూతురు కాలేజీలో చదువుతోంది. రెండు పొయ్యిలు, రెండు పెనాలు, ఒక పీట. సాయంత్రం ఆరు మొదలు పది దాకా ఆ చేతుల చప్పుడు ఆగదు. నా పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్ళేసరికి ఆవిడే ముందు అడిగింది.

"మీ హోటల్లో రొట్టె పెడతన్నారంటగా అమ్మా?"

ఏం చెప్పను? పెట్టకపోతే ఏడింటివాళ్ళు మా గుమ్మం ఎక్కరు. పెడితే వాళ్ళందరూ ఫ్యాను కింద కూర్చోడానికి మా దగ్గరకే వస్తారు, ఈవిడ పీట ఖాళీ. మా వదిన పొలం నిలబడాలంటే ఈవిడ పొయ్యి ఆరాలా? ఆ రాత్రి మావాడితో అదే అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, నెలజీతానికి వంటింట్లోకి రమ్మందాం అన్నాడు. మర్నాడు వెళ్ళి చెప్పాం. ఆవిడ రొట్టె తిప్పుతూనే లెక్క వేసింది. నోటితోనే, కాగితమూ కలమూ లేకుండా. "మీ జీతం నాకు పద్దెనిమిది రోజుల్లో వస్తది బాబూ. మిగతా పన్నెండు రోజులు ఊరికే చేసినట్టు" అంది.

మావాడు నోరు తెరిచాడు. హైదరాబాదులో వాడి ఆఫీసులో ఎవరూ అంత గబగబా లెక్క తేల్చి ఉండరు.

చివరకు కుదిరిన బేరం ఆవిడ చెప్పిందే. ఏడింటినుంచి తొమ్మిదింటి దాకా రొట్టెలు ఆవిడే అందిస్తుంది. రొట్టెకు 15 రూపాయలు, ఏ రోజు డబ్బు ఆ రోజే. మేం కూర, పచ్చడి, కూర్చోడానికి చోటు ఇస్తాం. ఆవిడ బండి ఎక్కడిదక్కడే ఉంటుంది, ఇంటికి కొనుక్కుపోయేవారు ఆవిడ దగ్గరే కొనుక్కుంటారు. రొట్టె మిగిలిపోయే ప్రసక్తి లేదు, చెప్పాకే కొడుతుంది. జాబితాలో ఇంత నిశ్చింత అయిన వస్తువు మరొకటి లేదు.

శనివారం సంగతి కూడా చెప్పాలి. శనివారం రాత్రి అన్నం తినని ఇళ్ళు మన వైపు ఇంకా బోలెడు. వారికి ఉప్పుడు పిండో, అట్టో, గోధుమరవ్వ ఉప్మాయో కావాలి. అందులో ఉల్లి తగలకూడదు. ఇది మావాడి జాబితాలో 111 రకాల్లో ఎక్కడా లేదు. ప్రతి దానిలోనూ ఉల్లిపాయే. ఉల్లి లేని సాంబారు ఒక గిన్నె విడిగా పెట్టినందువల్ల వచ్చే ఖర్చేమీ లేదు, శనివారం హాలు నిండుతుంది. ఇదే సందర్భంలో 1965 గుర్తొచ్చింది. యుద్ధమూ తిండిగింజల కొరతా కలిసి వచ్చిన ఆ రోజుల్లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు. సోమవారం సాయంత్రాలు హోటళ్ళు మూసేసేవారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆకలికన్నా, దీపం లేని హోటలు చూస్తే దిగులుగా ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. సాయంత్రం హోటలు మూసి ఉండడమేమిటి అంటారు.

శనివారం వాళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది దిబ్బరొట్టె అడిగారు. అడిగేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి మూకుట్లో పోసి, మూతపెట్టి సన్నని సెగన వదిలేస్తే, అడుగు ఎర్రగా కరకరలాడుతూ పైన దూదిలా ఉండే ఆ రొట్టె ఎవరికి చేదు? కాని మూకుడొక్కటికి పాతిక నిముషాలు పడుతుంది. కూర్చున్నవాడు పాతిక నిముషాలు ఆగడు. ఇది కుదరదని నేనే కొట్టేశాను. ముందు రోజు చెప్పినవారికైతే చేయొచ్చునని మాస్టరు అన్నాడు గాని, ఆ బెడద మొదటి నెల్లోనే ఎందుకు?

ఇక ఒంటరివాళ్ళు. కొడుకులు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి, ఇక్కడ ఒక్కరే మిగిలినవారు ఈ ఊళ్ళో వీధికి నలుగురున్నారు. భార్య పోయిన ఒక మాస్టారు చెప్పారు. "ప్లేటుకు నాలుగిడ్లీలిస్తారమ్మా. నాకు రెండు చాలు. రెండు వదిలేస్తే మా ఆవిడ గుర్తొస్తుంది, అన్నం పారేయనిచ్చేది కాదు. అందుకని హోటలుకే పోవడం మానేశాను. రాత్రి రెండు అరటిపళ్ళు తిని పడుకుంటున్నాను."

అరప్లేటు పెట్టమని నేను, పెట్టలేనని మావాడు, రెండు రోజులు వాదులాడుకున్నాం. వాడి లెక్క తప్పేమీ కాదు. అరప్లేటు మనిషీ కుర్చీ అంతే ఆక్రమిస్తాడు, సర్వరును అంతే తిప్పుతాడు, నీళ్ళూ చట్నీ అంతే అడుగుతాడు. కాని ఒకటుంది. ముసలాళ్ళు ఏడింటికల్లా వచ్చి ఏడున్నరకల్లా లేచిపోతారు. సంసారాలు వచ్చేది ఎనిమిదింటికి. ఆ ముప్ఫయి ఆరు కుర్చీలూ ఏడింటికి ఎలాగూ గోడలను చూస్తూ కూర్చునేవే. చివరకు రెండిడ్లీలు, ఒకే అట్టు, అర ఉప్మా బోర్డుకెక్కాయి. సగం రేటుకు మూడు రూపాయలు ఎక్కువ. మాస్టారికి చెబితే, "మూడు రూపాయలు చట్నీకి అనుకుంటాను" అన్నారు.

ఆడవాళ్ళ జవాబులు రాసుకున్న పేజీలు తిరగేస్తే నాకే ఆశ్చర్యమేసింది. నలభై పైచిలుకు మంది. ఒక్కరూ తమ సంగతి చెప్పలేదు. మా పెద్దాడికి పూరీ అంటే ప్రాణం, మా వారు ఇడ్లీ తప్ప ముట్టరు, మా అత్తగారికి మెత్తగా ఉండాలి. మరి నీకో? "నాకేముంది పిన్నిగారూ, ఏదైనా ఫరవాలేదు." ఏదైనా ఫరవాలేదు అనే వంటకం ఏ మాస్టరు వండగలడు? అందుకని మళ్ళీ ప్రశ్న మార్చాను. మీ ఇంట్లో అట్లు పోసిన రోజున మీరు తినేది ఎన్నో అట్టు?

అందరూ నవ్వేశారు. ఆఖరిది. పిండి అడుగంటాక నీళ్ళు పోసి తిప్పితే వచ్చిన, చేటంత కాక సాసరంత అట్టు. చట్నీ అప్పటికి అయిపోయి ఉంటుంది. హోటలుకు వెళ్ళినా అంతే. సర్వరు అట్లు ఒక్కొక్కటీ తెచ్చి పెడతాడు, తన ముందుకు వచ్చింది చిన్నవాడికి తోస్తుంది, తనది వచ్చేసరికి మిగతావారు చేతులు కడుక్కుంటూ ఉంటారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వదినను అడిగాను. అందరినీ అడిగాను గాని ఆవిడను అడగలేదు. ఆవిడ బియ్యం ఏరుతోంది.

"నన్నడుగుతావేమిటే, నేనా హోటలుకొచ్చేది?" అంది.

"పొలం నీది. నువ్వు చెప్పాల్సిందే" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. బియ్యంలో రాయి ఒకటి తీసి పక్కన పెట్టి అంది: "పెసరట్టు. పెనం మీంచి తీసింది తీసినట్టు నా కంచంలో ఎవరైనా వెయ్యాలి. అల్లప్పచ్చడితో. అది తింటూ ఉండగా, ఇంకోటి పొయ్యి అని కూర్చున్న చోటునుంచే చెబుతాను."

మావాడు గుమ్మంలో నిలబడి విన్నాడు. వాడికి ముప్ఫయి నాలుగేళ్ళు. ముప్ఫయి నాలుగేళ్ళుగా ఆవిడ పోసిన అట్లు తింటున్నాడు. ఏమీ అనకుండా చెప్పులేసుకుని మాస్టరు దగ్గరకు వెళ్ళాడు.

మాస్టరు ఒప్పుకోలేదు. రాత్రి పెసరట్టు ఎవరు పెడతారు బాబూ అన్నాడు. మినప్పిండి పులిసేకొద్దీ అట్టుకు అందం. పెసరపిండికి పులుపు పనికిరాదు. నానబెట్టిన పెసలు రుబ్బిన రెండు మూడు గంటల్లో పోసెయ్యాలి, ఆలస్యమైతే రంగూ వాసనా రెండూ తప్పుతాయి. పొద్దున రుబ్బింది రాత్రికి రాదు. రాత్రి కోసం విడిగా మధ్యాహ్నం నానబోసి ఆరింటికి రుబ్బాలి, అంటే గ్రైండరు దగ్గర మరో మనిషి. మిగిలిన పిండి మర్నాటికి ఉంచడానికి లేదు. లెక్కప్రకారం మాస్టరు మాటే రైటు. అయినా మావాడు పట్టు వదలలేదు. రోజుకు రెండు కిలోల పెసలు, అయిపోతే అయిపోయిందని బోర్డు తిప్పేయడం. 'లేదు' అనే మాట హోటల్లో వినపడకూడదన్నవాడే, 'అయిపోయింది' అనే అట్ట ముక్క తన చేత్తో రాసుకొచ్చాడు. పెద్ద పెనం మీద ఒకేసారి ఆరట్లు పడతాయి గనక, నలుగురు కూర్చున్న బల్లకు నాలుగూ ఒక్కసారే తీసుకెళ్ళాలని సర్వర్లకు చెప్పాడు.

రేట్ల గురించి ఊరంతా ఒకే మాట. బోర్డు మీద ఎంతుందో బిల్లులో అంతే ఉండాలి. ఇది సులువు. ఏటా కోటిన్నర లోపు వ్యాపారమున్న హోటలు కాంపోజిషన్ పద్ధతిలో చేరితే, అయిదు శాతం జీఎస్టీ యజమాని తన చేతినుంచే కట్టాలి, తినేవాడి దగ్గర విడిగా వసూలు చేయకూడదు. సర్వీసు చార్జీ అడగకుండా బిల్లులో కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. కాబట్టి మా బిల్లులో కూడికే తప్ప మరో తంతు లేదు.

ఇప్పటికి జాబితా 111 నుంచి 19కి దిగింది. మిగిలిన గొడవ మంచూరియా ఒక్కటే. స్టేషను దగ్గర కుర్రాళ్ళూ, ట్యూషను పిల్లలూ అందరూ నిన్న తిన్నది అదే, రేపు తినబోయేదీ అదే. మంచూరియాకు ఎర్రరంగు వేస్తున్నారని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం కృత్రిమ రంగుల్ని నిషేధించింది. రంగు లేకుండా చేస్తానంటాడు మావాడు. రంగు లేకపోతే పిల్లలు తినరంటాడు మాస్టరు. పైగా ఆ సాసుల వాసన పట్టిన వంటింట్లో శనివారంవాళ్ళకు ఫలహారం ఎలా వండనంటాడు. నేను మాస్టరు పక్షం. వదిన మా పక్షమే అనుకున్నాను. ఆవిడేమో, "పిల్లలు ఎటు లాగితే తల్లిదండ్రులు అటు వస్తారు. అది పెట్టకపోతే నా పెసరట్టు తినడానికి ఎవరొస్తారు?" అంది. ఆ మాటకు మాస్టరుతో సహా ఎవరికీ జవాబు దొరకలేదు. వెనక పెరట్లో విడిగా ఒక పొయ్యి వేయించవచ్చునా అని మేస్త్రీని పిలిపించారు. బోర్డు రాసేవాడు శుక్రవారం వస్తానన్నాడు. ఇరవయ్యో వరస ఖాళీగా ఉంచమని చెప్పాం.